ఏ ఓడ ఎక్కాలి?

నిరుడు దసరా సెలవులకు నెల ముందు హైదరాబాదు నుండి భాయీజాన్ ఫోన్ చేసి, రెండు కుటుంబాలమూ కలిసి ఓడ ప్రయాణం చేద్దామన్నారు. ముంబయి నుండి బయలుదేరే పెద్ద విలాస నౌక అది. అంతస్తుల మీద అంతస్తులు, ఈత కొలను, పిల్లలకు ఆటస్థలాలు, రాత్రివేళ ప్రదర్శనలు. “మీరు ఊఁ అంటే చాలు, మిగతా సంగతులు నేను చూసుకుంటాను” అన్నారు. మా పిల్లలు ముగ్గురు. పెద్దమ్మాయికి ఏడేళ్లు, అబ్బాయికి నాలుగు, చిన్నదానికి అప్పుడు తొమ్మిదో నెల. ఆ మాట చెవిన పడినప్పటి నుండి పెద్దది కాగితం ముక్క దొరికితే చాలు, ఓడ బొమ్మ వేయసాగింది.

కాదనడానికి మాకు మనసొప్పలేదు. అన్నదమ్ముల పిల్లలు ఈద్‌కు కలిస్తే కలిసినట్టు, లేకుంటే లేదు. రక్తసంబంధాలను కలుపుకొని పోవాలని మన ధర్మం ఎంతగా చెప్పిందో తెలిసినవాళ్లమే. అయినా మాట ఇచ్చే ముందు వివరాలు తెప్పించుకొని, పిల్లలు నిద్రపోయాక ఇద్దరమూ కూర్చొని చదివాము.

నిజం చెప్పాలంటే మమ్మల్ని మొదట వెనక్కి లాగింది ధర్మచింతన కాదు, చంటిపిల్ల. ఇటువంటి నౌకలలో చాలావరకు ఆరు నెలలు నిండని శిశువులను ఎక్కించుకోరు. మా చిన్నది ఆ గడప దాటింది. కాని డైపర్లు వాడే పిల్లలను కొలనులోకి దింపనివ్వరు. పిల్లలను అప్పగించి వెళ్లే ఆటగదులలో సాధారణంగా మూడేళ్లు నిండినవారికే ప్రవేశం. అంటే మాలో ఒకరు ఆ ప్రయాణమంతా చంటిదానితో గదిలోనే గడపాలి. ఆ గది విషయమూ అంతే. ధర తక్కువని కిటికీ లేని లోపలి గది తీసుకుంటే పగలేదో రాత్రేదో తెలియదు. బాల్కనీ ఉన్న గది తీసుకుంటే నాలుగేళ్లవాడు కుర్చీ లాక్కొని ఎక్కుతాడేమోనన్న భయంతో మాకు నిద్ర ఉండదు.

ఆ తరువాత మిగిలిన సంగతులు ఆలోచించాము. మాంసం హలాలా కాదా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు. అది పెద్ద చిక్కు కాదు, శాకాహారంతో సరిపెట్టుకోవచ్చు. మద్యం, జూదశాల మాటే మింగుడుపడలేదు. భాయీజాన్‌తో ఆ ముక్క అన్నప్పుడు ఆయన నొచ్చుకున్నారు. “మేమేమైనా తాగుతామా, ఆడతామా? విమానంలో పక్కసీటువాడు తాగితే దిగిపోతున్నామా?” అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. విమానంలో నాలుగు గంటలు, ఓడలో నాలుగు రోజులు అని మేమన్నాము. అది ఆయనకు జవాబుగా తోచలేదు. ఫోన్ పెట్టేశారు. వారు తమ పిల్లలతో వెళ్లారు, ఎంతో సంతోషంగా తిరిగివచ్చారు. ఆ మాట దాచనవసరం లేదు. మా ఇంట్లో మాత్రం అమ్మీజాన్ రెండు రోజులు మాతో ముక్తసరిగానే మాట్లాడారు. పెద్దమ్మాయి బొమ్మలు వేయడం మానేసింది.

ఆ మౌనాన్ని చివరకు అమ్మీజానే విడగొట్టారు. ఒకనాడు ఇషా తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, తన అబ్బాజాన్ బొంబాయి నుండి ఓడలో హజ్‌కు వెళ్లిన కథ చెప్పారు. పైతట్టు మీద బారులు తీరి నమాజు చేసేవారట. ఓడ ఊగినప్పుడల్లా బారంతా ఒక్కటిగా ఒరిగేదట. ముంబయి నుండి జిద్దాకు ఆ ఓడలు 1995తో ఆగిపోయాయి. కథ విన్న పెద్దమ్మాయి, “అట్లాంటి ఓడ ఇప్పుడు లేదా దాదీ?” అని అడిగింది. ఆ ప్రశ్న పట్టుకొని వెతికితే మాకు లక్షద్వీప్ కనిపించింది.

కొచ్చి నుండి బయలుదేరి అయిదు రోజులలో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులను చూపించే ‘సముద్రం’ అనే యాత్ర అది. రాత్రిళ్లు ఓడలో ప్రయాణం, పగలు దీవి మీద. ఎం.వి. కవరత్తి అనే ఆ ఓడ 700 మందిని మోసుకుపోగలదు. కట్టింది ఎక్కడో కాదు, మన విశాఖపట్నంలోని హిందూస్తాన్ షిప్‌యార్డులో. ఈ సంగతి తెలిశాక మా అబ్బాయి దానిని “మన ఓడ” అనడం మొదలుపెట్టాడు. నాలుగు పడకల గది దొరుకుతుంది. జారుడుబల్లలు లేవు, వినోద ప్రదర్శనలు లేవు. దీవులలో అడుగుపెట్టాలంటే ప్రవేశానుమతి తీసుకోవాలి. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభా 64 వేల పైచిలుకు, అందులో నూటికి 96 మందికి పైగా ముస్లిములే. భోజనం గురించీ మసీదు గురించీ అడగవలసిన పనే లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం ఉధృతంగా ఉంటుంది కనుక సంక్రాంతి సెలవులు ఎంచుకున్నాము. “ఇంత చిన్నపిల్లలతో ఆడమనిషి సముద్రం మీదనా?” అని పొరుగింటి పెద్దావిడ అంటే, సముద్రయానం చేసేవారిలో తానూ ఉండేలా దుఆ చేయమని దైవప్రవక్త (సఅసం)ను కోరి, తరువాత సైప్రస్ వరకూ వెళ్లిన ఉమ్మె హరామ్ (రజి) సంగతి అమ్మీజానే గుర్తుచేశారు. తన మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె మాత్రం మాతో రాలేదు.

ఓడ రేవు దాటిన గంటకే అబ్బాయికి వాంతులు మొదలయ్యాయి. సముద్రపు వికారం రెండేళ్లు దాటిన పిల్లలనే ఎక్కువగా బాధిస్తుందని, అంతకంటే చిన్నవారికి అరుదని డాక్టరుగారు ముందే చెప్పారు. చెప్పినట్టే చంటిది హాయిగా నిద్రపోయింది. గదిలో పడుకోబెడితే వాడికి మరింత ఎక్కువైంది. పైకి తీసుకొచ్చి, నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండమన్నాము. పొడి బిస్కెట్టు కొరుకుతూ, అబ్బా చేయి వదలకుండా వాడు ఆ రాత్రి పదింటి వరకు అట్లాగే కూర్చున్నాడు. భాయీజాన్ మాట వినకపోవడం తప్పేమోనని ఆ రాత్రి మాకు అనిపించింది. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో గది అడిగి ఉంటే ఊపు కొంత తగ్గేదని తెలిసీ ఆ సంగతి అడగడం మరిచాము.

నమాజు విషయంలో మాకు కలిగిన సంతోషం వేరు. ప్రయాణికులం కనుక నాలుగు రకాతులకు బదులు రెండు. నిలబడగలిగినవారు నిలబడి, తల తిరిగేవారు కూర్చొని. కొచ్చి నుండి కవరత్తికి ఓడ దాదాపు నేరుగా పడమరకు సాగుతుంది, మక్కా కూడా పడమర దిక్కునే, కాస్త ఉత్తరానికి. అంటే పోయేటప్పుడు ఖిబ్లా ఓడ ముక్కుకు కొంచెం కుడివైపు. తిరిగివచ్చేటప్పుడు ఓడ తూర్పుకు పరుగెత్తుతుంటే మేము దాని తోకవైపు తిరిగి నిలబడ్డాము. “ఓడ అటు పోతుంటే మనం ఇటు చూస్తున్నామేం?” అని పెద్దమ్మాయి అడిగింది. పుస్తకంలో దిక్కులు నేర్పినప్పుడు అర్థం కానిది దానికి ఆ అసర్ నమాజులో అర్థమైంది.

అసలు పరీక్ష దీవి దగ్గర ఎదురైంది. పగడపు తిన్నెలు చుట్టిన మడుగు లోతు తక్కువ కనుక పెద్ద ఓడ ఒడ్డుకు పోలేదు. సముద్రం మధ్యనే చిన్న పడవలలోకి దిగాలి. అల పైకి లేచినప్పుడు పడవ అంచు అందుతుంది, మరుక్షణం కిందికి జారిపోతుంది. చంటిదాన్ని పడవవాళ్ల చేతికి ఇచ్చిన ఆ ఒక్క క్షణం మా ఇద్దరి నోటా దుఆ తప్ప మాట రాలేదు. ఆ మనిషి బిడ్డను అందుకున్న తీరులో ఏ తొందరా లేదు. వీపు నిమిరి, నవ్వి, మా చేతికి తిరిగి ఇచ్చాడు.

కవరత్తిలో ఉజ్రా మసీదు చెక్క కప్పు మీది నగిషీని తలలెత్తి చూశాము. కల్పేనిలో పిల్లలు మోకాలిలోతు నీళ్లలో చేపలను చూశారు. మినికాయ్‌లో 1885లో కట్టిన దీపస్తంభం దగ్గర, రాత్రి వాంతులతో నీరసించిన మా అబ్బాయే అందరికంటే ముందు పరుగెత్తాడు.

ఇంటికి వచ్చిన వారానికి భాయీజాన్ ఫోన్ చేశారు. కోపం మాట ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. పెద్దమ్మాయి పంపిన బొమ్మ అందిందన్నారు. పైతట్టు మీద బారులు తీరిన జనం, అందరూ ఓడ తోకవైపే తిరిగి ఉన్నారట. కాసేపాగి, “అమ్మీజాన్‌ను కూడా తీసుకొని మళ్లీ సంక్రాంతికి అందరం పోదామా?” అని అడిగారు. వెంటనే, “ఆ పడవలోకి దిగే చోట ఆమె మోకాళ్లు సహకరిస్తాయా?” అని కూడా అడిగారు. ఏమని చెప్పాలో తోచక, ముందు ఆమెనే అడుగుదామని ఫోన్ ఆమె చేతికి ఇచ్చాము.