ఎఱ్ఱరంగు పంపు

మా యూరు బంగ్లాదేశమున చాందపూరు జిల్లాలో, మేఘనా నదికి చేరువ నున్నది. వరదకాలమున పడవ పెరటి గుమ్మము వఱకు వచ్చును. అట్టి యూర త్రాగునీటికి కఱవు వచ్చెననిన విన్నవారు నవ్వుదురు.

నా చిన్నతనమున అందఱము చెఱువునీరే త్రాగెడివారము. అమ్మ పాతచీరను నాలుగు మడతలు వేసి, కుండ మూతికి కట్టి వడపోసెడిది. అట్టి మడతలు కలరాను ఇంచుమించు సగము తగ్గించునని మా జిల్లాలోని మత్లబ్ గ్రామములలో పరిశోధించినవారు 2003లో ప్రకటించిరి. మిగిలిన సగములో మా అన్న పోయెను.

1970వ దశకమున ప్రభుత్వమును యూనిసెఫ్ సంస్థయు గొట్టపుబావులను ప్రోత్సహించినవి. నాన్న ఆవు నమ్మి పెరటిలో ఒకటి వేయించెను. అమ్మ దోసిలి పట్టి, "అద్దమువలె నున్నదిరా!" అనెను. నాటినుండి చుట్టము వచ్చినచో ముందుగా ఆ నీరే.

1993లో దేశమందలి బావినీట ఆర్సెనికు, అనగా పాషాణము, బయటపడెను. దానికి రుచి లేదు, వాసన లేదు, కాచినను పోదు. హిమాలయములనుండి నదులు తెచ్చిన యొండ్రులో ఇనుపకణముల నంటియుండి, గాలి సోకని చోట నీటిలోనికి దిగును. చెఱువులో నది లేదు. మిక్కిలి లోతైన బావులలోను అరుదు. మావంటివారు త్రవ్వించుకొన్న నడిలోతు బావులలోనే హెచ్చు.

పరీక్షించువారు మా యింటికి 2001లో వచ్చిరి. లీటరునకు 50 మైక్రోగ్రాములు మించినచో పంపునకు ఎఱుపు, లేనిచో పచ్చ. ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పిన హద్దు 10 మాత్రమే. కావున పచ్చరంగును పూర్తిగా నమ్మదగినది కాదు. పరీక్షించిన దాదాపు 50 లక్షల బావులలో 14 లక్షలు ఎఱ్ఱబడెను. మాదియు నందొకటి. అమ్మ అరచేతులలో అప్పటికే గట్టి బొడిపెలు లేచియుండెను. పనిపాటలకు కాచిన కాయలని మేమనుకొంటిమి.

మా వీధిలో పచ్చపంపు ఒక్కటే. అది, హద్దు తగవు వలన పదునెనిమిదేండ్లుగా మాతో మాటలు లేని యింటిది. నెల దినములు అమ్మ అటు పోలేదు. చెఱువునీరు కాచి యిచ్చినది. ఒక సాయంకాలము మాత్రము బిందె చంక నిడుకొని బయలుదేరెను. నేను వెనుక నడచితిని. ఆ యింటి యిల్లాలు ఏమియు ననక పంపు తానే కొట్టెను. బిందె నిండిన పిమ్మట, "రేపు ప్రొద్దుననే రా అక్కా, ఎండ యెక్కినచో జనము హెచ్చు" అనెను.

మా పంపును అమ్మ తీసివేయనీయలేదు. అంట్లకును బట్టలకును ఆ నీరే. వానలకు రంగు వెలిసెను. వేసినవారు మరల రాలేదు. పిల్లలు తెలియక త్రాగుదురని ఆమె యేటేట చిన్నడబ్బా కొని తానే పూసెడిది. ఆమె పోయిన తరువాత ఆ పని నాకు వచ్చినది.