నంజుకొను నీరు

అన్నము తిను జాతులకెల్ల నంజుకొనుటకు ఏదో యొకటి కావలయును. వట్టి అన్నము ఆకలిని తీర్చునే గాని నాలుకను తృప్తిపరుపజాలదు. తెలుగువారి విస్తరిలో ఊరగాయ ఒక మూలనే యుండును. కాని ఆ మూల ఖాళీయైనచో భోజనమంతయు చప్పబడినట్లు తోచును. పరిమాణమున అల్పమై, ప్రయోజనమున అధికమైన వస్తువులు లోకమున కొన్ని కలవు. వానిలో ఊరగాయ యొకటి.

వియత్నాము దేశీయుల భోజనములో ఈ స్థానమును ఆక్రమించినది ఒక చిన్న గిన్నెడు ద్రవము. వారి భాషలో దానిని ‘నుఒక్ చామ్’ అందురు. ‘నుఒక్’ అనగా నీరు. ‘చామ్’ అనగా అద్దుకొనుట. ‘నంజుకొను నీరు’ అని తెలుగున చెప్పవచ్చును. విశేషమేమనగా, ఆ భాషలో ‘నుఒక్’ అను మాటకు నీరు అను అర్థమే గాక దేశము అను అర్థము కూడ కలదు. ఆ చిన్న గిన్నెను గూర్చి తెలిసికొన్నవారికి ఈ రెండర్థములు ఒక్క మాటలో ఇమిడియుండుట వింతగా తోచదు.

వియత్నాము సముద్రతీరము 3,000 కిలోమీటర్లకు మించినది. చేపలు, రొయ్యలు, పీతలు, ఆలుచిప్పలు అచ్చటి ప్రజలకు నిత్యాహారము. వీనిలో పెక్కింటిని వారు మసాలాలలో ముంచి వండరు. ఉడికింతురు, లేదా నిప్పులపై కాల్తురు. మన చేపల పులుసులో పులుపును కారమును కుండలోనే చేపకు పట్టును. అచ్చట చేప వేరు, రుచి వేరు. ఆ రెండును తినువాని చేతిలో కలియును. తాజాగా నున్న చేపకు మఱుగు అక్కరలేదు. కనుకనే వంటకత్తె నేర్పంతయు ఆ గిన్నెలో కనబడును.

ఈ గిన్నెకు మూలద్రవ్యము ‘నుఒక్ మామ్’ అను చేపనీరు. దానిని ముఖ్యముగా నెత్తళ్లతో చేయుదురు. నెత్తళ్లు తెలుగుతీరమువారికి క్రొత్తవి కావు. మన పల్లెకారులు వానిని ఇసుకపై పఱచి యెండబెట్టుట సముద్రపుటొడ్డున తిరిగినవారెల్ల చూచియే యుందురు. వ్రేలెడైనను లేని చేప అది. ఒక్కటిగా దానికి విలువ లేదు. కాని రెండు దేశములవారును ఆ చిన్న చేపను పాఱవేయక కాలమునకు నిలుచునట్లు చేసికొనిరి. మనవారు నీటిని పోగొట్టి చేపను దాచిరి. వారు చేపను కరగించి నీటిని దాచిరి.

ఆ కరగించుటలో తొందర పనికిరాదు. థాయిలాండు సింధుశాఖయందు ఫూ కువోక్ అను ద్వీపము కలదు. చేపనీటికి అది పేరు పొందిన స్థలము. అచ్చటి జాలరులు వలలోని నెత్తళ్లను ఓడమీదనే ఉప్పుతో కలుపుదురు. ఒడ్డుచేరువఱకు ఆగినచో చేప చెడును. మూడు పాళ్లు చేపకు ఒక పాలు ఉప్పు అని లెక్క. ఒడ్డునకు వచ్చిన పిదప ఆ మిశ్రమమును పెద్ద కొయ్యతొట్లలో నింపి, పైన బరువు లుంచుదురు. ఒక్కొక్క తొట్టియందు పది టన్నులకు అటునిటుగా చేప పట్టును. తొట్టి చుట్టును బలమైన బెత్తపుత్రాళ్లు బిగించి యుండును. ఇట్లు పండ్రెండు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు నుంచుదురు. ఈ నడుమ తొట్టి అడుగున దిగిన నీటిని తీసి, మరల పైనుండి పోయుచుందురు. తుదకు తొట్టి క్రింది తూమునుండి తేనెవన్నెగల తేటనీరు ధారగా దిగును. ఆ మొదటి ధారయే శ్రేష్ఠము. పిమ్మట ఉప్పునీరు పోసి తీసినవి అంతకంతకు తక్కువ రకములు.

ఇందు చేప క్రుళ్లుట లేదు, కరగుట యున్నది. ఈ రెంటికిని గల భేదము గ్రహింపదగినది. చేప కడుపులోని జీర్ణరసములే దాని మాంసకృత్తులను మెల్లమెల్లగా విడగొట్టి ఆమ్లములుగా మార్చును. క్రుళ్లజేయు సూక్ష్మజీవులను ఉప్పు దరిజేరనీయదు. ఉప్పు చాలనిచో క్రుళ్లు. ఉప్పు తగినంత యున్నచో రుచి. మన ఊరగాయజాడీలో ఉప్పు తక్కువయైనపుడు బూజు పట్టుటయు ఈ ధర్మమునకు లోబడినదే. చేపనీటి నాణ్యమును లీటరునకు ఎన్ని గ్రాముల నత్రజని కలదో చూచి నిర్ణయింతురు. నలుబది గ్రాములున్నచో అది మేలైన సరుకు.

ఇక ఇంటిలో నంజుకొను నీటిని సిద్ధపరచు తీరు. దీనికి పొయ్యితో నంతగా పని లేదు. కావలసినవి ఆఱే వస్తువులు: చేపనీరు, నిమ్మరసము, చక్కెర, నీరు, వెల్లుల్లి, పండుమిరపకాయ. సామాన్యముగా చేపనీరు ఒక పాలు, చక్కెర ఒక పాలు, నిమ్మరసము ఒక పాలు, నీరు నాలుగైదు పాళ్లు. మొదట చక్కెరను గోరువెచ్చని నీటిలో పూర్తిగా కరగనీయవలెను. ఆ నీరు చల్లారిన తరువాతనే నిమ్మరసము పిండవలెను. వేడినీటిలో పిండినచో నిమ్మ సువాసన చెడును. పిదప చేపనీటిని కొంచెము కొంచెముగా పోయుచు రుచి చూడవలెను. చేపనీరు ఒక్కొక్క రకమున ఒక్కొక్క ఘాటుతో నుండును గావున చెంచాల లెక్క త్రోవ చూపునే గాని గమ్యము చేర్పదు. తుది నిర్ణయము నాలుకదే. వెల్లుల్లి రెబ్బలను, మిరపకాయను సన్నముగా తరిగి కట్టకడపట వేయవలెను. అట్లు వేసిన తెల్లని ముక్కలును ఎఱ్ఱని ముక్కలును గిన్నెపై తేలియుండును. అవి అడుగునకు మునిగినచో చూచుటకు అందముగా నుండదని అచ్చటి పెద్దలు కోడండ్రకును కూతుండ్రకును చెప్పుచుందురు.

తినబోవు వస్తువును బట్టి గిన్నె మారుచుండును. నత్తలకు, ఆలుచిప్పలకు అల్లము దంచి కలుపుదురు. కాల్చిన చేపకు కొందఱు నిమ్మకు బదులు చింతపండు గుజ్జును వాడుదురు; తెలుగువారి నోటికి ఇది చిరపరిచితము. ఉడికించిన పీతకును రొయ్యకును చేపనీరే లేకుండ, ఉప్పు, మిరియాలపొడి, నిమ్మరసము మాత్రము కలిపి అద్దుకొందురు. మధ్యదేశమువారికి ఉప్పు, కారము మెండుగా కావలెను. దక్షిణదేశమువారు తీపిని కోరి, కొన్నియెడల కొబ్బరినీటిని కలుపుదురు. ఉపవాసదినములలో మాంసము ముట్టని బౌద్ధులు చేపనీటికి మారుగా సోయాచిక్కుడుతో చేసిన రసమును వాడుదురు. ఒక్క పేరుగల వంటకము ఇన్ని రూపములు తాల్చుట దానికి జీవమున్నదనుటకు గుర్తు.

ఉగాదిపచ్చడిలో తెలుగువారు ఆఱు రుచులను కలుపుదురు. ఈ గిన్నెలో ఉప్పు, పులుపు, తీపి, కారము అను నాలుగును స్పష్టముగా తెలియును. కాని యీ నాలుగింటిలో చేరని మఱియొక నిండుదనము నాలుకపై నిలుచును. జపాను దేశపు శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా 1908వ సంవత్సరమున ఒక సముద్రపు నాచునుండి ఈ రుచికి కారణమైన పదార్థమును వేరుచేసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టెను. అది గ్లుటామికామ్లమునకు సంబంధించినది. పండ్రెండు నెలలు ఉప్పులో నున్న చేపనుండి పుట్టునట్టిదియు నదియే. పేరు తెలియకమునుపే రుచి తెలిసినవారు పల్లెకారులు. రుచికి పేరు తెచ్చినవాడు పండితుడు. ఇరువురును లోకమునకు కావలసినవారే.

ఈ గిన్నెలోని మిరపకాయ కూడ ఒక కథ చెప్పును. మిరప అమెరికాఖండమున పుట్టినది. పదునైదవ శతాబ్దము కడపట ఐరోపావారు ఆ ఖండమునకు పోయివచ్చిన తరువాతనే అది ఆసియాలో అడుగిడినది. అంతకుముందు మన వంటలకును వారి వంటలకును మిరియమే ప్రధానమైన కారము. నేడు మిరప లేని గుంటూరును గాని, మిరప లేని నుఒక్ చామును గాని యెవరు ఊహింపగలరు? ప్రతి యింటి ‘పూర్వాచారము’లోను ఎప్పుడో వచ్చిన అతిథులు కూర్చుండియే యుందురు.

చేపనీటి వాసన ఎఱుగనివారికి దుస్సహము. ఆ కారణముచేత దానిని తినువారిని చులకన చేసినవారు కలరు. 1975 తరువాత స్వదేశము విడిచి పరదేశములకు పోయిన వియత్నాము కుటుంబములు ఈ చులకనను అనుభవింపవలసి వచ్చెను. నాగరికత పేరు చెప్పి ముక్కు మూసికొనువారు ఒక్క సంగతి మఱచుచున్నారు. ప్రాచీన రోమనులు ‘గారుమ్’ అను చేపనీటిని ప్రాణప్రదముగా వాడిరి. క్రీస్తుశకము 79లో వెసూవియసు అగ్నిపర్వతము క్రింద పూడిపోయిన పాంపే నగరమున, ఆ సరుకు నమ్మి ధనికుడైన ఉంబ్రిసియస్ స్కారస్ అను వర్తకుని యిల్లు బయటపడినది. ఆ యింటి నేలపై గారుమ్ కూజాల బొమ్మలు రంగురాళ్లతో పొదిగియున్నవి. ఒకరికి కంపైనది మఱియొకరికి ఇంటి ముంగిట చిత్రింపదగిన గౌరవమయ్యెను. తనకు అలవాటు లేనిదెల్ల హీనమని తలచుట అల్పుల లక్షణము.

చేపనీరు విద్యను కూడ పోషించినది. దక్షిణ వియత్నాము తీరమున ఫాన్ థియెట్ అను పట్టణము కలదు. 1906లో, ఫ్రెంచివారి పాలనకాలమున, కొందఱు దేశభక్తులు అచ్చట ‘లియెన్ థాన్’ అను చేపనీటి వ్యాపారసంస్థను స్థాపించిరి. స్వదేశీయ పరిశ్రమను వృద్ధిపరుపవలెననియు, దాని ఆదాయముతో జనులకు చదువు చెప్పింపవలెననియు వారి సంకల్పము. మరుసటియేడు వారు ‘జుక్ థాన్’ అను పాఠశాలను తెఱచిరి. 1910లో ఇరువదియేండ్ల యువకుడొకడు ఆ బడిలో ఉపాధ్యాయుడుగా చేరి కొన్ని మాసములు పాఠములు చెప్పెను. 1911లో సైగాను రేవునుండి ఓడలో పనివాడుగా దేశాంతరము పోయెను. ఆ యువకుడే పిదప హో చి మిన్ అను పేర ప్రసిద్ధుడై, 1945లో తన దేశ స్వాతంత్ర్యమును చాటెను. నెత్తళ్ల తొట్లనుండి కాఱిన ధారలు పలకలకును పుస్తకములకును వెలయిచ్చినవన్న మాట.

అట్టి వృత్తికి 2016లో పెద్ద ఆపద వచ్చినది. ఆ యేటి అక్టోబరులో ఒక సంఘమువారు విపణిలోని చేపనీళ్లను పరీక్షింపించి, పెక్కింటిలో ఆర్సెనికు మితిమించియున్నదని ప్రకటించిరి. ఆర్సెనికు విషమని జనులందఱు ఎఱుగుదురు. పత్రికలు ఆ వార్తను మోసికొనిపోయినవి. అంగళ్లవారు సరుకును తీసివేసిరి. తరతరములుగా తొట్లు నిలుపుకొనివచ్చిన కుటుంబములు దిగులుపడినవి. కాని ప్రకటనలో ఒక్క మాట లోపించినది. ఆర్సెనికు రెండు విధములు. రాళ్లనుండియు భూమినుండియు నీటిలో చేరునట్టి నిరింద్రియ రూపము ప్రాణాంతకము. సముద్రజీవుల శరీరములలో స్వభావసిద్ధముగ నుండు సేంద్రియ రూపము అట్టిది కాదు. ప్రకటించినవారు రెంటిని కలిపి లెక్కించిరి. మేలైన చేపనీటిలో చేపసారము హెచ్చు గావున ఆ లెక్కలో మేలైనదే చెడ్డదిగా తేలినది! ప్రభుత్వారోగ్యశాఖవారు మరల పరీక్షింపగా, విషరూపమైన ఆర్సెనికు కనబడలేదు. విచారింపక వార్త ప్రకటించిన పత్రికలకు ఆ సంవత్సరమే జరిమానాలు పడినవి.

అసత్యము చెప్పుటయొక్కటియే దోషము కాదు. సత్యమును సగము చెప్పుటయు దోషమే. కొలిచిన సంఖ్య తప్పు కాకపోవచ్చును; దేనిని కొలిచితిమో చెప్పకుండుట తప్పు. చదువుకొన్నవారు ఈ భేదమును తెలిసి మాటలాడవలెను. వారి యొక్క మాట పండ్రెండు నెలల శ్రమను ఒక దినములో నీటిపాలు చేయగలదు.

ఫూ కువోక్ పేరును ఇతరస్థలముల సరుకునకు పెట్టి అమ్ముకొనువారు కూడ లేకపోలేదు. 2012లో ఐరోపా సమాజమువారు ఆ పేరునకు తమ దేశములలో రక్షణ కల్పించిరి. మన ఆత్రేయపురము పూతరేకులకు 2023లో లభించిన భౌగోళిక గుర్తింపు ఇట్టిదే. కాని పేరునకు రక్షణ చట్టము కల్పింపవచ్చును. నెత్తళ్లకు రక్షణ వలకన్నుల పరిమాణమును బట్టి యుండును. గ్రుడ్లు పెట్టు కాలమున గూడ వేటాడినచో, పిల్లచేపలను సైతము ఊడ్చివేసినచో, ఎంత పెద్ద తొట్టియైనను వట్టిదగును. మన తూర్పుతీరమున ఏటేట వేసవిలో మరపడవల వేటను కొంతకాలము నిలుపుటకు హేతువు ఇదియే.

వియత్నాము కుటుంబము భోజనమునకు కూర్చున్నపుడు ఎవరి అన్నపు గిన్నె వారిది. నంజుకొను నీటిగిన్నె మాత్రము పంక్తి నడుమ ఒక్కటియే యుండుట పూర్వమునుండి వచ్చిన ఆచారము. పెద్దలును పిన్నలును దానిలోనే అద్దుకొందురు. కనుక దానిని కలుపువారు తమ నాలుక కొక్కదానికే నచ్చునట్లు కలుపరాదు. తాతకు ఉప్పు హెచ్చు కాకుండవలెను. పసివానికి కారము మిక్కుటము కారాదు. కష్టపడి వచ్చినవానికి చప్పగా తోచరాదు. నలువురి రుచులను తలచి, ఒక్కొక్క చుక్కయే పోయుచు, మాటిమాటికి చవి చూచి దించిన ఆ గిన్నె చిన్నదే. దానిని కలుపుటకు కావలసిన మనసు మాత్రము చిన్నది కాదు.