ముందు ఎరుపు, తర్వాత ఆకుపచ్చ

సాఫ్ట్‌వేర్ పనిలో కుదురుకున్న మేము కొందరం సెలవు రోజుల్లో మన ఆదివాసీ యువతకు ప్రోగ్రామింగ్ నేర్పుతున్నాం. వచ్చేవాళ్లంతా ఒకే మెట్టు మీద లేరు. మొన్న డిగ్రీ పాసైనవాళ్లున్నారు, పదేళ్లుగా కంపెనీల్లో చేస్తున్నవాళ్లున్నారు. అందరికీ నేర్పేది ఒకటే: ముందు టెస్ట్ రాయాలి, తర్వాతే కోడ్. దీన్ని టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అంటారు. అమెరికా ప్రోగ్రామర్ కెంట్ బెక్ రాసిన పుస్తకంతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది.

లీపు సంవత్సరం లెక్కతో మొదలుపెడతాం. 2023 లీపు కాదని ఒక టెస్ట్. కోడ్ ఇంకా లేదు కనుక తెర ఎర్రబడుతుంది. ‘కాదు’ అని జవాబిచ్చే ఒక్క వరుస రాస్తే ఆకుపచ్చ అవుతుంది. 2024 లీపు అని ఇంకో టెస్ట్. మళ్లీ ఎరుపు. నాలుగుతో భాగించి చూసే షరతు పెడితే మళ్లీ ఆకుపచ్చ. అప్పుడు కోడ్‌ను శుభ్రం చేస్తాం. మిగతా సంవత్సరాలు వాళ్లే వెతుక్కోవాలి.

కొత్తవాళ్లకు ఎరుపంటే భయం. ఇంట్లో ఒక భాష, ఆశ్రమ పాఠశాలలో ఇంకో భాష. నోటుపుస్తకం నిండా ఎర్రసిరా చూసి పెరిగినవాళ్లం మనం. అందుకే తెర ఎర్రబడగానే వాళ్లు కీబోర్డు మీంచి చేతులు తీసేస్తారు. ఈ ఎరుపు తిట్టు కాదు, తర్వాత చేయాల్సిన పని చూపిస్తోందని చెప్తాం. నాలుగైదుసార్లు చూశాక చేతులు వాటంతటవే కదులుతాయి.

అనుభవం ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. కోడ్ అంతా ఒకేసారి రాసేసి, చివర్లో టెస్టులు తగిలిస్తారు. ఆ టెస్టులు ఎర్రబడగా ఎవరూ చూడలేదు. వాళ్లతో వాదించం. కోడ్‌లో ఒక షరతు చెరిపేసి టెస్టులు నడపమంటాం. అప్పుడు కూడా ఆకుపచ్చే వస్తే, ఆ టెస్ట్ దేనికీ కాపలా కాయడం లేదని వాళ్లకే తెలుస్తుంది.

తర్వాత ఇద్దరిద్దరిని జంటగా కూర్చోబెడతాం. ఒకరు టెస్ట్ రాస్తే ఇంకొకరు కోడ్ రాస్తారు. ఒకసారి ఒక చెల్లి 1900 లీపు కాదని టెస్ట్ రాసింది. నాలుగుతో భాగిస్తే చాలనుకున్న అన్న కోడ్ ఎర్రబడింది. “వందతో భాగమయ్యే సంవత్సరం నాలుగువందలతో కూడా భాగం కావాలి కదన్నా! 2000 లీపే, 1900 కాదు” అంది. ఆయన మారుమాట లేకుండా కోడ్ మార్చాడు.

మీటింగుల్లో నోరు తెరవడానికి జంకే మన పిల్లలకు ఇది పనికొస్తుంది. ఇంగ్లీషు తడబడితే మాటను పక్కన పెట్టేస్తారు. ఎర్రబడిన టెస్ట్‌ను పక్కన పెట్టడం అంత తేలిక కాదు.