నా నిద్రకి సాక్షి

తలకి నూనె రాసుకోవద్దు. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వద్దు. పగలు కునుకు తియ్యొద్దు. వదులైన బట్టలు, కావాలంటే మీ దిండు మీరే తెచ్చుకోండి. స్లీప్ టెస్ట్‌కి ముందురోజు ఆసుపత్రి నుంచి వాట్సాప్‌లో వచ్చిన షరతులివి. "దిండు పట్టుకుని రమ్మంటున్నారు, పెళ్ళికి విడిదింటికి వెళ్తున్నట్టుంది" అన్నాను. మా ఆవిడ నవ్వలేదు. ఈ విషయంలో నా జోకులకి తను నవ్వడం మానేసి మూడేళ్ళయింది.

ఆ మూడేళ్ళూ తను చెప్తూనే ఉంది. "గురకతో వేగొచ్చు. మధ్యలో అది ఆగిపోతుందే, అప్పుడు భయం. ఊపిరి ఉండదు. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ కూర్చుంటా. ఇరవై దాకా పోతుంది." నేను కొట్టిపారేసేవాణ్ణి. నాకు నిద్ర పట్టకపోవడం అనే సమస్యే లేదు. దిండు మీద తల పెడితే చాలు. అది గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

చివరికి నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది తన మాట కాదు, గచ్చిబౌలి సిగ్నల్. పొద్దున్న పదకొండింటికి, రెడ్ లైట్ దగ్గర ఆగి ఉన్నాను. నాది ఆటోమేటిక్ బండి. బ్రేకు మీద కాలు వదులైతే దానంతటదే ముందుకి పాకుతుంది. పాకి, ముందున్న ఆటోకి తగిలింది. ఆటోలోంచి దిగొచ్చిన పెద్దాయన నా మొహం చూసి, "ఏంది సార్, పొద్దుగాలనే తాగినవా?" అన్నాడు. తాగి ఉంటే కనీసం ఒక జవాబుండేది.

డాక్టర్ దర్జీలా టేపుతో మెడ కొలిచాడు. నోరు తెరవమని టార్చ్ వేసి గొంతులో దారి ఎంత ఇరుకో చూశాడు. బీపీ చూశాడు. తర్వాత ఒక కాగితం ఇచ్చాడు, ఎప్‌వర్త్ స్కేల్. 1991లో మెల్‌బోర్న్‌లో మర్రే జాన్స్ అనే డాక్టర్ తయారుచేసింది. ఎనిమిది సందర్భాలుంటాయి: టీవీ చూస్తున్నప్పుడు, ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు, ఇలా. ఒక్కోదాంట్లో మీరు కునికే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. పది దాటితే ఆలోచించాల్సిందే. నేను నిజాయితీగానే వేసుకున్నాననుకున్నాను. ఏడొచ్చింది. మా ఆవిడ కాగితం తీసుకుంది, పెన్ను తీసుకుంది, పద్నాలుగు చేసింది. డాక్టర్ ఆశ్చర్యపోలేదు. అందుకేనట, వీలైతే పక్కన పడుకునేవాళ్ళని కూడా తీసుకురమ్మనేది.

తను దిద్దిన వాటిలో మొదటి ప్రశ్న, "కూర్చుని చదువుతున్నప్పుడు." నేను ఒకటి వేస్తే తను మూడు చేసింది. ఏమాటకామాట చెప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం ఒక నవల గురించి రాస్తూ, నలభై పేజీలు దాటేసరికి నిద్రొచ్చిందని వెటకారం చేశాను. ఆ రచయితకి ఆలస్యంగా క్షమాపణలు. ఎనిమిదో ప్రశ్న, "కారులో, ట్రాఫిక్‌లో కొన్ని నిమిషాలు ఆగినప్పుడు." దానికి మాత్రం నేనే మూడు వేశాను.

టెస్ట్ రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్ళాను. అందరికీ ఆసుపత్రిలోనే చెయ్యరు. కొందరికి ఇంటికే చిన్న పరికరం ఇస్తారు, కానీ అందులో సాధారణంగా మెదడు తరంగాలు నమోదు కావు. నాకు పూర్తి పరీక్షే రాశారు. టెక్నీషియన్ కుర్రాడు తలమీద అక్కడక్కడ చర్మం రుద్ది, జిగట పేస్టుతో తీగలు అంటించాడు. కళ్ళ పక్కన, గడ్డం కింద, పిక్కల మీద కూడా. ఛాతీకొక బెల్టు, పొట్టకొకటి. ముక్కులో సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. లెక్కపెడితే తీగలే ఇరవై రెండు. నొప్పేమీ లేదు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే గాల్లోకి చూసి పిలవాలి, మైకుంటుంది. అతనొచ్చి డబ్బా ఒకటి ఊడదీసి చేతికిస్తాడు.

"వీటన్నిటితో నిద్రెలా పడుతుంది బాబూ?"

"అందరూ అదే అడుగుతారు సార్. అందరూ పడుకుంటారు."

లైటార్పాక స్పీకర్లోంచి అతని గొంతు: కళ్ళు మాత్రమే కుడివైపు తిప్పండి, ఎడమవైపు తిప్పండి, పళ్ళు బిగించండి, పాదం వంచండి, ఒకసారి గురక పెట్టండి. మెలకువగా ఉండి గురక పెట్టమంటే సిగ్గేసింది. తర్వాత అర్థమైంది, ఏ తీగ సరిగ్గా పలుకుతోందో చూసుకుంటున్నాడని.

పక్క గదిలో అతను రాత్రంతా మెలకువగా ఉంటాడు, నా నిద్ర చూస్తూ. చీకట్లో ఎర్రటి కెమెరా చుక్క కేసి చూస్తుంటే 'ఊర్మిళాదేవి నిద్ర' గుర్తొచ్చింది. మన ఆడవాళ్ళ పాటల్లో బాగా పేరున్నది. పద్నాలుగేళ్ళు లక్ష్మణుడు అడవిలో మేలుకుంటే ఊర్మిళ ఇక్కడ నిద్రపోతుంది. అతను తిరిగొచ్చి లేపితే, ఎవరో పరాయివాడనుకుంటుంది. ఆ నిద్రని నేనెప్పుడూ త్యాగంగానే చదువుకున్నాను. మేలుకున్నవాడి వైపు నుంచి ఆలోచించలేదు. మా ఇంట్లో పాత్రలు తారుమారు. ఊర్మిళని నేను. ఇంత ఆలోచించాక నాకు నిద్రెలా పట్టిందో తెలీదు. పొద్దున్న ఆరింటికి అతనొచ్చి లేపాడు. పేస్టు వదలడానికి రెండు తలంట్లు పట్టాయి.

వారానికి రిపోర్టొచ్చింది. రాత్రిని ముప్ఫై సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ దశ నిద్రో రాస్తారు. ముప్ఫయ్యే ఎందుకంటే, పూర్వం కాగితం మీద గీతలు గీసే రోజుల్లో సెకనుకి పది మిల్లీమీటర్ల చొప్పున నడిపితే ముప్ఫై సెంటీమీటర్ల పేజీకి ముప్ఫై సెకన్లు పట్టేవి. కాగితం పోయింది, పేజీ మిగిలింది. మా ఆఫీసులో ఇలాంటివాటిని లెగసీ అని తిట్టుకుంటూ వాడుకుంటాం.

పది సెకన్లు, ఆ పైన శ్వాస ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకొస్తుంది. గంటకి అయిదు దాటితే స్వల్పం, పదిహేను దాటితే మధ్యస్థం, ముప్ఫై దాటితే తీవ్రం. నాకు ముప్ఫై నాలుగు. అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది నలభై ఒక్క సెకన్లు.

క్షణం అనుమానించకుండా నమ్మేశాను. గ్రాఫుంది కదా. ఆఫీసులో టెస్టర్ బగ్ చూపిస్తే "నా మెషీన్‌లో బానే ఉందే" అనేవాళ్ళని ఏడిపిస్తాం. మూడేళ్ళు నేను ఇంట్లో అదే మాటన్నాను, అదీ నడిచేటప్పుడు నాకు స్పృహే లేని మెషీన్ గురించి.

"నువ్వు ఇరవయ్యే అన్నావుగా, ఇందులో నలభై ఒకటుంది" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఇరవై దాటాక నేను లెక్కపెట్టలేదు. తట్టి లేపేసేదాన్ని."

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మ కంగారుపడలేదు. "మీ నాన్నకీ అంతే కదరా. గొంతు పట్టేస్తే భుజం పట్టుకుని పక్కకి తిప్పేదాన్ని." నాన్న గురక మా ఇంట్లో పండగలకి చెప్పుకునే జోకు. మావయ్యలు అనుకరించేవాళ్ళు, అందరం నవ్వేవాళ్ళం. అమ్మ నవ్వేదో లేదో నాకు గుర్తు లేదు. రాత్రికి ఎన్నిసార్లు తిప్పేదానివని అడిగాను. "లెక్కెవరు పెట్టారు?" అంది.

మిషన్ వచ్చి పది రోజులైంది. అది ఆక్సిజన్ ఇవ్వదు, మామూలు గాలినే కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా పట్టుకుంటుంది. మాస్క్‌తో నా మొహం యుద్ధవిమానం పైలట్‌లా ఉంటుందనుకున్నాను. ఏనుగులా ఉందని మా ఆవిడ అంది. మొదటి రెండ్రోజులు అర్ధరాత్రి పీకేశాను. మూడో రోజు పొద్దున్నదాకా ఉంచుకున్నాను.

లేచి చూస్తే తన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సద్దు లేకపోయేసరికి రెండుసార్లు మెలకువొచ్చిందట. మాస్క్ ఉంది కాబట్టి ఎప్పట్లా ముక్కు దగ్గర వేలు పెట్టి చూడ్డానికి కుదరక, పొట్ట మీద చెయ్యేసి చూసిందట.