పని లేని ఓడ

మనవాళ్ళు ప్రయాణం కట్టారంటే దాని వెనక ఒక పని ఉండి తీరాలి. పెళ్ళో, పరామర్శో, కోర్టు వాయిదానో, తిరుపతి మొక్కో. ఊటీ వెళ్ళినా సరే, దారిలో ఒక గుడి కలుపుకుంటే గానీ డబ్బు తగలేశామన్న బాధ పోదు. కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళను ఎందుకు వెళ్ళారని ఎవరూ అడగరు. ఊరికే వెళ్ళొచ్చామంటే మాత్రం "ఊరికేనా?" అని తిరగేసి అడుగుతారు. ఈ లెక్కన క్రూజ్ అనేది మన ఇళ్ళలో ఒక పట్టాన ఇమిడే ప్రయాణం కాదు. అందులో చేరే ఊరికి పెద్ద విలువ లేదు. కొన్ని ఓడలైతే ఏ రేవూ తాకకుండా నడిసముద్రంలో ఓ చుట్టు తిరిగి, ఎక్కించుకున్న చోటే దింపేస్తాయి.

మా అమ్మాయి టికెట్లు తీసి పంపింది. విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై. ఈ సంగతి తెలిసి మా ఎదురింటావిడ నిజంగానే దిగులు పడింది. "చెన్నైకి రైలుంది కదా వదినగారూ! రాత్రి ఎక్కితే తెల్లారి దింపేస్తుంది" అంది. రైలు ఒక్క రాత్రిలో దింపే ఊరికి, దానికి ఎన్నో రెట్లు డబ్బు పోసి, రోజుల తరబడి వెళ్ళడమేమిటని ఆవిడ బాధ. మా ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే "అందుకేనమ్మా వెళ్ళేది" అన్నారు. ఆ జవాబు ఆవిడకే కాదు, నాకూ అప్పుడు వేళాకోళంలాగే వినపడింది.

విశాఖలో క్రూజ్ ఓడల కోసమే కట్టిన టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. లోపల అంతా విమానాశ్రయం తంతే. సామాను ఎక్స్‌రే గుండా పోతుంది, గుర్తింపు కార్డు చూస్తారు, ఫోటో తీస్తారు, చేతిలో ఒక ప్లాస్టిక్ కార్డు పెడతారు. ఇక ఓడ దిగేదాకా గది తాళమూ అదే, పర్సూ అదే. ఓడ పక్కకు వచ్చి నిలబడితే మాత్రం విమానాశ్రయం మరిచిపోతాం. మెడ వెనక్కి వంచితే గానీ పై అంతస్తు కనపడదు. అంత ఇనుము నీళ్ళ మీద ఎలా నిలుస్తుందో స్కూల్లో చదువుకున్నదే. అయినా కాలు పెట్టేముందు ఒక క్షణం ఆర్కిమిడీస్ మీద అనుమానం వచ్చింది.

బయల్దేరకముందే అందరినీ సైరను మోగించి పిలిచారు. ఏ గదివాళ్ళు ఎక్కడ నిలబడాలి, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలి, ఏ పడవ దగ్గరికి పోవాలి అన్నది చూపించారు. చాలామంది నవ్వుతూ సెల్ఫీలు తీసుకున్నారు. ఆ నవ్వుల వెనక ఉన్న చరిత్ర మాత్రం చిన్నది కాదు. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్రం మీద ప్రాణ రక్షణకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ పూటే ఎక్కిన కొందరికి అప్పటికింకా ఈ కసరత్తు చేయించలేదు. అందుకని ఇప్పుడు కసరత్తు అయ్యాకే ఓడ కదలాలి. విలాసం మొదలయ్యేముందు చావును ఒకసారి తలుచుకోమనడం నాకు నచ్చింది. మన పెద్దలు ఏ శుభకార్యంలోనైనా ముందు పితృదేవతలను తలుచుకునేవారు.

ఓడ కదిలిన సంగతి కాళ్ళకు తెలియలేదు, కళ్ళకు తెలిసింది. డాల్ఫిన్స్ నోస్ కొండ నెమ్మదిగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, ఆ కొండను ఎప్పుడూ ఊరివైపు నుంచే చూశాను. ఎదురుగా వచ్చి చూస్తే అది సముద్రంలోకి చాచిన మోచెయ్యి. దానికి ఇవతల రేవు మొగన మూడు చిన్న కొండలు, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. 1933లో ఈ రేవు తెరిచినప్పుడు మొదట లోపలికి వచ్చిన ఓడ పేరు జలదుర్గ. రేవు కట్టేటప్పుడు ఇసుక మేట వేసి దారి పూడిపోతుంటే, జానస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను కావాలని అక్కడ ముంచి అడ్డుకట్టగా నిలబెట్టారు. మునిగాక కూడా పనిచేసిన ఓడలవి. కాస్త లోపలికి వెళ్తే హిందుస్థాన్ షిప్‌యార్డు. 1948 మార్చిలో నెహ్రూ జలఉషను నీళ్ళలోకి వదిలింది అక్కడే. జలదుర్గ, జలఉష సరుకులకు, జనానికి పనికొచ్చిన ఓడలు. ఈ తీరం ఎరిగిన ఓడలన్నీ ఆ మాదిరివే. జనాన్ని ఉత్తినే తిప్పడానికి వచ్చిన ఓడలు మాత్రం నిన్నమొన్నటివి.

రేవు దాటాక ఒక చిన్న పడవ వచ్చి మా ఓడ పక్కనే పరుగెత్తింది. దారి చూపించి బయటికి తెచ్చిన హార్బరు పైలట్, ఓడ ఆగకుండానే తాడు నిచ్చెన మీంచి ఆ పడవలోకి దిగిపోయాడు. ఈత కొలను దగ్గర పాటల హోరులో ఆయన్ను చూసినవాళ్ళు తక్కువ. ఆ సాయంత్రం ఓడలో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే, దానికి టికెట్టు కూడా లేదు.

ఓడలోపలి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది ఓడ సంగతి కాదు. అది ఒక పెళ్ళి విడిది. పొద్దున ఇడ్లీ, ఉప్మా, పరాఠా, మధ్యాహ్నం ఇరవై రకాలు, రాత్రి మేజిక్ షో, మధ్యలో బింగో, నాట్యం, పిల్లల ఆటలు. ఏ గంటకు ఏముందో చెప్పే కాగితం రోజూ గదిలో పెడతారు. ఆ కాగితం పట్టుకుని జనం ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు పరుగులు పెట్టడం చూస్తే ఆఫీసు రోజులు గుర్తొచ్చాయి. పని లేకుండా ఉండటానికి వచ్చి, పని లేకపోవడం భరించలేక, మళ్ళీ పనులు పెట్టుకుంటున్నాం. కంపెనీవాళ్ళకు మన సంగతి మనకంటే బాగా తెలుసు.

రాత్రి ఓడ ఊగింది. పక్కలకు ఊగకుండా అడుగున రెండువైపులా రెక్కలుంటాయి గానీ, నైరుతి గాలికి ఎదురు వెళ్ళేటప్పుడు ముక్కు పైకీ కిందికీ లేస్తుంటే వాటివల్ల పెద్దగా కాదు. గదిలో కళ్ళేమో ఏదీ కదలడం లేదంటాయి, చెవి లోపలి భాగమేమో అంతా కదులుతోందంటుంది. ఆ తగువు కడుపులో తేలుతుంది. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. "బయటికెళ్ళి దూరంగా సముద్రం అంచు చూస్తూ నిలబడండమ్మా" అని గదులు సర్దే అబ్బాయి చెప్పాడు. తెల్లవారుజామున డెక్కు మీదికి వెళ్ళి ఆ పని చేస్తే నిజంగానే తగ్గింది. కాగితంలో లేని కార్యక్రమం నాకు అలా దొరికింది.

బీచ్ రోడ్డు కింద ఇసుకలో నిలబడితే మనిషి కంటికి కనపడే సముద్రం 5 కిలోమీటర్లలోపే. భూమి గుండ్రం కాబట్టి ఆ పైన ఉన్నది కిందికి జారిపోతుంది. నీటికి 30 మీటర్ల ఎత్తున ఓడ మీద నిలబడితే సుమారు 20 కిలోమీటర్లు కనపడుతుంది, అదీ నాలుగు దిక్కులా. ఇన్నేళ్ళూ సముద్రం పక్కనే కాపురమున్నామని చెప్పుకుంటూ ఆ 5 కిలోమీటర్ల ముక్కనే సముద్రమనుకున్నాం. నాలుగు దిక్కులా నీళ్ళున్నప్పుడు ముందు దిక్కు పోతుంది. తరువాత టైము పోతుంది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నీడ పొడవు మారిందని మాత్రం గుర్తుంది.

అలా నిలబడి ఉన్నప్పుడే రంగం గుర్తొచ్చింది. రంగూనును మా ఉత్తరాంధ్రలో ముసలివాళ్ళు అలాగే అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి రంగం ఓడలు వెళ్ళేవి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో ఖర్చయిపోయాక ఓడెక్కేవారు. అక్కడ ధాన్యం మిల్లుల్లో, రేవులో బస్తాల కింద, రిక్షాల ముందు పనిచేసేవారు. కోరింగ రేవు పేరు మీద బర్మాలో మనవాళ్ళను కోరంగీలనేవారు. సముద్రం దాటితే కులం పోతుందని శాస్త్రం భయపెట్టింది తిండి ఉన్నవాళ్ళనే, తిండి లేనివాళ్ళు దాని మాట వినలేదు. 1930 మేలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టడం, తీయడం దగ్గర మొదలైన గొడవ ఊరంతా పాకి ఎంతోమంది ప్రాణాలు తీసింది. 1942లో జపాను సైన్యం వస్తుంటే ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటి కాలినడకన దేశం చేరారు. 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వ కాలంలో మళ్ళీ కొన్ని వేల కుటుంబాలు తిరిగొచ్చాయి. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది.

వాళ్ళకూ డెక్కే. గది కొనలేనివాళ్ళు డెక్కు ప్యాసింజర్లు. ఆకాశం కింద చాప పరుచుకుని, మూట తల కింద పెట్టుకుని, వానొస్తే తడిసి, ఎండొస్తే మాడి రంగం చేరేవారు. నేను కడుపు తిప్పు తగ్గడానికి వచ్చి నిలబడ్డ గాలిలో, అదే బంగాళాఖాతం మీద, వాళ్ళు రోజులు గడిపారు. మా తాతగారి అన్నయ్య ఒకాయన అలా వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఆయన ఏ ఏడు వెళ్ళారో, ఎక్కిన ఓడ పేరేమిటో మా ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లో ఉన్నదల్లా ఒక బర్మా టేకు పెట్టె.

భోజనాల హాల్లో ప్లేట్లు తీసే కుర్రాడు నా తెలుగు విని ఆగాడు. "మాది సోంపేట అవతలమ్మా" అన్నాడు. ఓడెక్కి ఏడో నెలట. నావికులకు రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలనీ, ఏడాది నిండకముందే ఇంటికి పంపాలనీ 2006లో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి వచ్చింది. వీళ్ళకు ఆ ఆసరా ఉంది, రంగం కూలీకి అదీ లేదు. "మా అమ్మకి ఈ ఉద్యోగం అర్థం కాదమ్మా. ఓడలో సరుకేటి వేస్తార్రా అని అడుగుద్ది. మనుషులేనే అంటే, మనుషుల్ని ఎక్కడ దించుతార్రా అంటది" అని నవ్వాడు. ఆవిడ ప్రశ్న మా ఎదురింటావిడ ప్రశ్నే. నాకు నవ్వు రాలేదు. మనుషులను ఎక్కడో దించేసి వచ్చే ఓడలనే ఆ ప్రాంతం తరతరాలుగా చూసింది. ఆ తల్లి అడగక ఏం చేస్తుంది?

పుదుచ్చేరి దగ్గర ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. కొందరు విసుక్కున్నారు. రేవులు కట్టకముందు విశాఖలోనూ మద్రాసులోనూ ఇదే పద్ధతి. స్టీమరు దూరంగా ఆగితే మసూలా పడవల్లో జనం వెళ్ళి ఎక్కేవారు. మేకు అన్నది లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన పలకల పడవలవి. అల కొట్టినప్పుడు విరగకుండా వంగేవి. ఒడ్డున ఏడుస్తున్నవాళ్ళకూ ఓడకూ మధ్య ఉండే చివరి బంధం ఆ పడవే.

చెన్నైలో దిగేసరికి మా ఆయన అన్న మాట అర్థమైంది. రైలు ఒక రాత్రిలో దింపే ఊరికి ఆలస్యంగా వెళ్ళగలగడమే మేము కొనుక్కున్నది. ఆ సముద్రం మీద తెలుగువాళ్ళు ఆకలితో వెళ్ళారు, అప్పుతో వెళ్ళారు, ప్రాణభయంతో తిరిగొచ్చారు. ఏ అవసరమూ లేకుండా వెళ్ళొచ్చే వరుస ఇప్పటికి వచ్చింది. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు. వాళ్ళలో ఎవరినైనా అడిగితే, పిల్లల పిల్లలు ఇలా ఊరికే తిరిగి రావాలనే కోరుకునేవారు. వాళ్ళు ఎవరో తెలియకుండా తిరిగి రావడమే బాగుండదు.

క్రూజ్ నుంచి వచ్చినవాళ్ళను అందరూ మూడే అడుగుతారు. ఎంతయింది, తిండి ఎలా ఉంది, వాంతులయ్యాయా. నా మాటగా అడిగితే, వీలున్నవాళ్ళు వెళ్ళండి. బాల్కనీ గది కోసం అప్పు చెయ్యనక్కర్లేదు, డెక్కు మీద సముద్రం అందరికీ ఒకటే. కార్యక్రమాల కాగితం ఒక్కపూటైనా గదిలోనే వదిలెయ్యండి. విశాఖ టెర్మినల్ నడిపేవారికి ఒక విన్నపం: ఈ తీరం నుంచి ఓడెక్కి పోయినవాళ్ళ కథ చెప్పడానికి ఆ హాల్లో ఒక గోడ ఇవ్వండి. మీ ఇంట్లో రంగం వెళ్ళినవాళ్ళు ఉంటే, వాళ్ళ ఉత్తరాలూ ఫోటోలూ పాత సామానుతో పారెయ్యకండి. పేరు, ఊరు, వెళ్ళిన ఏడు, తెలిస్తే ఓడ పేరు, ఒక కాగితం మీద రాసి పెట్టండి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు, ఈ నెలలోనే వెళ్ళి అడగండి.