మరుభూమిలో నీటి ముప్పు

హైదరాబాదు బేగంబజారులో మార్వాడీ వర్తకులు తరతరములుగా అంగళ్లు నడపుచున్నారు. వారి పూర్వుల మరుభూమిని చూడవలెనను కోరికతో మేము సకుటుంబముగా జైసల్మేరునకు పోయితిమి. అచటి పసుపురాతి కోటను 1156లో రావల్ జైసలుడు కట్టించెనని ప్రతీతి. 2013లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. కోటలో నేటికిని సంసారములు సాగుచున్నవి. పట్వాల హవేలీలలో శిల్పులు రాతిని జల్లెడవలె తొలచిరి. సమ్ ఇసుకతిన్నెలపై ఒంటెలనెక్కి మా పిల్లలు మురిసిరి. రాత్రి మంగణియారులు పాడిరి. వీరు ముసల్మానులు, అయినను హిందూ యజమానుల ఇండ్ల శుభకార్యములలో పాడుట వీరికి వంశవృత్తి. మతముల నడుమ గోడలు కట్టువారు ఈ పాట వినవలదా?

ఒక్క సంగతి మాత్రము మమ్ము కలచివేసినది. ఆడువారు గడీసర్ చెరువునుండి కడవలతో నీరు మోసిన దినములలో కోట చెక్కుచెదరలేదు. ఇప్పుడు యాత్రికుల బసలు పెరిగి, గొట్టములనుండి కారిన నీరు నేలలో ఇంకి, పునాదులు మెత్తబడి గోడలు బీటలువారుచున్నవి. 1908లో మూసీ వరద బేగంబజారును ముంచినపుడు దాని హోరు నగరమంతయు వినెను. ఇచటి నీరు చడీచప్పుడు లేక కూల్చుచున్నది. కావుననే మేము కోట వెలుపల బసచేసి, తలకొక బిందెతో స్నానములు ముగించితిమి. పోదలచిన సోదరీసోదరులును అటులే చేయుదురుగాక.