కన్నీటికి తీర్పరులు

2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన మన ఆంధ్ర రాష్ట్రమందు జరిగిన సంగతి మీలో అనేకులకు జ్ఞాపకముండును. ఆ దినమున శాసనసభలో ప్రతిపక్ష నాయకులుగా నుండిన నారా చంద్రబాబు నాయుడుగారు, తమ భార్యను గూర్చి అవమానకరమైన మాటలు పలుకబడినవని చెప్పి, ఇక ముఖ్యమంత్రిగానే గాని ఆ సభలో అడుగుపెట్టనని లేచి వెళ్లిపోయిరి. అటుతరువాత మంగళగిరిలోని తమ పార్టీ కార్యాలయమందు విలేకరుల యెదుట మాటలాడుచుండగా మాట గొంతులో నిలిచిపోయి, చేతులతో ముఖము కప్పుకొని యేడ్చిరి. అప్పటికి వారికి 71 సంవత్సరములు. అట్టి మాటలు తాము పలుకలేదని అధికార పక్షమువారనిరి. ఆ వివాదమునకు తీర్పు చెప్పుట నా పని కాదు. 2024 జూన్ నెలలో వారు ముఖ్యమంత్రియై మరల ఆ సభలో ప్రవేశించిన సంగతియు మీరెరుగుదురు. నేను వ్రాయదలచినది వారిని గూర్చి కాదు, మనలను గూర్చి.

అది శుక్రవారము. ఆదివారము వచ్చుసరికి ఆ యేడ్పు మా గుడి ఆవరణలోనికి వచ్చెను. ఆరాధన ముగిసి జనులు చెప్పులు తొడుగుకొనుచుండగా, వేపచెట్టు క్రింద పడుచువాండ్రు ఫోనులో ఆ బొమ్మను మరల మరల ఆడించి చూచుచుండిరి. ఒకడు నవ్వుచుండెను. ప్రక్కనున్న పెద్ద మనిషికి కోపము వచ్చినది.

“పెద్దాయన ఏడుస్తుంటే నవ్వొస్తుందిరా మీకు?”

“ఏడవలేదు బాబాయ్, ఏడ్చినట్టు చేశాడు.”

అంతటితో మాట ముదిరెను. ఒకే బల్లమీద కూర్చుండి ఒకే కీర్తన పాడినవారు రెండు జట్లుగా విడిపోయిరి. నేను గమనించినది ఒకటి యున్నది. ఆ ఏడ్పును చూచి మనసు మార్చుకొనినవాడు ఒక్కడును లేడు. ఎవని జెండా రంగునుబట్టి వానికి ఆ కన్నీరు నిజముగానో నాటకముగానో కనబడెను. కన్నులతో చూచుటకు ముందే ప్రతివాడును తీర్పు వ్రాసికొనియుండెను. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మనవారికొక సామెత యున్నది గదా. ఆ దినమున దానిని నాలుగైదు నోళ్లనుండి వింటిని. ఆ సామెత పుట్టించినవాడు ఎన్నడును ఒక సమాధియొద్ద నిలువలేదు కాబోలు.

అదే సంవత్సరము ఆగస్టు 11వ తేదీన మరియొక తెలుగువారు, నెల్లూరు జిల్లావాసియైన వెంకయ్య నాయుడుగారు, ఢిల్లీలో రాజ్యసభకు అధ్యక్షులుగా కూర్చుండి కంట తడిపెట్టిరి. ముందటి దినమున సభ్యులు కొందరు వ్యవసాయ చట్టములను గూర్చి నిరసన తెలుపుచు అధికారులు కూర్చుండు బల్లపైకి ఎక్కిరి. అది తలంచుకొని రాత్రి నిద్ర లేకపోయెనని చెప్పుచుండగా వారి కంఠము వణికెను. ఆ దినమే సభ గడువుకంటె ముందుగా ముగింపబడెను. సభ మర్యాద పోయినందుకు ఆ పెద్దమనిషి హృదయము నొచ్చినదని కొందరనిరి. మా ఊరి టీ కొట్టునొద్ద ఒక రైతు మాత్రము, “బల్ల తొక్కినందుకు కన్నీళ్ళొచ్చాయి సరే. నవంబరునుంచి ఢిల్లీ పొలిమేరల్లో రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ కోసం ఎవరికొచ్చాయి?” అని అడిగెను. దీనిని నేను తేలికగా త్రోసివేయను. మనుష్యుడు దేనికొరకు ఏడ్చెనో అడుగుట తప్పు కాదు. కాని ఆ ప్రశ్న వేయువాడు తాను దేనికొరకు ఏడ్చునో అదికూడ చెప్పగలిగియుండవలెను.

ఇప్పుడు బేతనియకు రండి. లాజరు చనిపోయి నాలుగు దినములైనది. యోహాను సువార్త పదునొకండవ అధ్యాయములో మిక్కిలి చిన్న వచనము ప్రభువు కన్నీటిని గూర్చినదని ఆదివారపు బడి పిల్లలకుకూడ తెలియును. దాని తరువాతి రెండు వచనములను మాత్రము మనము త్వరగా చదివి దాటిపోవుదుము. అక్కడ నిలిచియున్న యూదులు ఆ కన్నీరు చూచి రెండు మాటలనిరి. కొందరు, ఇతనికి ఆ చనిపోయినవానియందు ఎంత ప్రేమయో అని ఆశ్చర్యపడిరి. కొందరైతే, గ్రుడ్డివానికి చూపిచ్చినవాడు ఇతని చావును ఆపలేకపోయెనా అని ఎత్తిపొడిచిరి. ఏడ్చినది ఒక్కరే, ఏడ్పును ఒక్కటే. చూచినవారు మాత్రము రెండు జట్లు. మా వేపచెట్టు క్రింది జట్లు క్రొత్తవి కావు సుమా!

ప్రభువు ఆ రెండవ జట్టువారికి జవాబు చెప్పలేదు. తన కన్నీరు నిజమైనదని ఎవరికిని రుజువు చేయలేదు. మూలుగుచునే సమాధియొద్దకు నడచి, రాయి తీయుడని చెప్పెను. అంత జరిగి, చచ్చినవాడు లేచి వచ్చిన తరువాతకూడ, ఆ గుంపులోనివారే కొందరు పరిసయ్యులయొద్దకు వెళ్లి సంగతి చేరవేసిరి. ఆ దినమునుండియే ఆయనను చంపుటకు ఆలోచన పుట్టెను. ఇంకొకసారి, గాడిదపిల్లనెక్కి యెరూషలేమునకు దిగివచ్చుచు, చుట్టును జయధ్వనులు మ్రోగుచుండగా పట్టణమును చూచి ఆయన ఏడ్చెనని లూకా వ్రాసెను. అప్పుడు జనులేమనుకొనిరో అతడు వ్రాయలేదు. ఆ కేకలలో ఎవరును చూచియుండరని నా ఊహ.

కన్నీటిని నమ్మకుండుట మన దేశములోనే పుట్టిన తెగులు కాదు. 1972 ఫిబ్రవరి 26వ తేదీన అమెరికాలో, న్యూ హాంప్‌షైరు రాష్ట్రపు మాంచెస్టరు పట్టణములో, ఎడ్మండ్ మస్కీ అను సెనేటరు ఒక వార్తాపత్రిక కార్యాలయము ఎదుట నిలిచి మాటలాడుచుండెను. ఆ యేట రాష్ట్రపతి పదవికి తమ పార్టీ అభ్యర్థిగా నిలువగోరినవారిలో ముందున్నవాడు ఆయనయే. ఆ పత్రిక తన భార్యను గూర్చి వ్రాసినదానికి కోపించి ఆమె పక్షమున మాటలాడుచుండగా మాట తడబడెను. మంచు కురియుచుండెను. చెంపలపై జారినది కన్నీరని విలేకరులు వ్రాసిరి. కాదు, కరిగిన మంచని తరువాత ఆయన చెప్పెను. ఆ రాష్ట్రపు ఎన్నికలో ఆయనయే గెలిచినను అనుకున్నంత బలముగా గెలువలేదు. కొద్ది వారములలో వెనుకకు తగ్గెను. భార్య కొరకు ఏడ్చినయెడల కీడేమి? అయినను అది మంచేయని చెప్పుకొనవలసి వచ్చెను చూడుడి. ఏడ్చుటకంటె ఆ మాట చెప్పవలసి వచ్చుటయే నాకు ఎక్కువ దుఃఖకరముగా తోచుచున్నది.

ఇక 2025 జూలై 2వ తేదీన ఇంగ్లాండు ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ పార్లమెంటులో తమ ప్రధానమంత్రి వెనుక కూర్చుండియుండగా ఆమె చెంపలపై కన్నీరు కారెను. అది స్వంత విషయమని ఆమె తరపువారు చెప్పిరి. కాని ఆ మధ్యాహ్నమే పౌండు విలువ డాలరుతో పోల్చగా సుమారు 1 శాతము పడిపోయెను. ఆ దేశపు ఋణపత్రములమీద వడ్డీ పెరిగెను. ఆమె పదవి పోవునేమోయని సొమ్ముగలవారు భయపడిరట. ఆమె పదవిలోనే యుండునని ప్రధానమంత్రి చెప్పిన తరువాత మరునాడు బజారు కొంత తేరుకొనెను. ఒక స్త్రీ కన్నీటికి బజారులో వెల కట్టబడుట ఎప్పుడైన వింటిమా? ఆమెకు దుఃఖమేమిటని అడిగినవారికంటె రేపు మన సొమ్మేమగునని అడిగినవారే ముందుగా లేచిరి.

అయితే కన్నీరెల్ల నమ్మదగినదని నేను చెప్పుటలేదు. యిర్మీయా గ్రంథము నలువది యొకటవ అధ్యాయము చదువుడి. నెతన్యా కుమారుడైన ఇష్మాయేలు అధిపతియైన గెదల్యాను చంపి, ఆ సంగతి ఇంకను బయటికి రాకమునుపే, అర్పణలు తీసికొని వచ్చుచున్న యెనుబదిమంది యాత్రికులను ఎదుర్కొనుటకు ఏడ్చుచు బయలుదేరెను. ఆ ఏడ్పు నమ్మి వారు పట్టణములోనికి వచ్చిరి. పొలములో దాచిన గోధుమలు, యవలు, నూనె, తేనె చూపెదమన్న పదిమంది తప్ప తక్కినవారు గోతిలో శవములైరి. ఏడ్చుచు వచ్చు అధికారిని జాగ్రత్తగా చూడుమని లేఖనమే మనకు నేర్పుచున్నది.

మరియు నిజమైన కన్నీరైనను పనిని ముంచివేయరాదు. అబ్షాలోము కొరకు దావీదు గవిని పైగదిలో ఏడ్చుచుండగా, గెలిచి వచ్చిన సైన్యము ఓడినవారివలె సిగ్గుపడి దొంగచాటుగా పట్టణములోనికి వచ్చెను. యోవాబు కఠినుడే, అబ్షాలోమును పొడిచినది అతని చేయియే. అయినను ఆ దినమున అతడు రాజుతో చెప్పినదానిలో న్యాయమున్నది. రాజు లేచి గుమ్మములో కూర్చుండెను. యోసేపు సంగతియు అట్టిదే. తమ్ముని చూచి కడుపు తరుగుకొనిపోగా లోపలి గదికి పోయి ఏడ్చి, ముఖము కడుగుకొని వచ్చి, తన్ను అణచుకొని భోజనము వడ్డింపుమనెను.

నాకు నెహెమ్యాయందు ఎక్కువ ప్రేమ. పారసీక రాజునకు గిన్నె అందించువాడు విచారముగా కనబడకూడదు. గోనెపట్ట కట్టుకొనినవాడు రాజు గుమ్మము దాటకూడదని ఎస్తేరు గ్రంథములో వ్రాయబడియున్నది. యెరూషలేము గోడలు కూలియున్న వార్త కిస్లేవు మాసములో విని, నీసాను మాసమువరకు, అనగా నాలుగు నెలలు, అతడు ఆ దుఃఖమును లోపలనే మోసెను. ఒక దినమున ముఖము దాచుకొనలేకపోయెను. రోగము లేదు గదా, ఈ విచారమేమని రాజు అడుగగా మిక్కిలి భయపడెను. కొలువులో దుఃఖము బయటపడినవాని భయము అది! ఆ భయములోనే దేవునికి ప్రార్థన చేసి, వెంటనే సెలవడిగెను, తాకీదులడిగెను, గుమ్మములకును గోడకును అడవినుండి మ్రానులడిగెను. ముఖములోని దుఃఖమునకును ఆ మ్రానుల లెక్కకును నడుమ ఒక్క ప్రార్థన తప్ప మరేమియు లేదు.

ఇంత దూరము వచ్చితిమి గనుక మా ఊరి సంగతికూడ చెప్పవలెను. 2021 ఫిబ్రవరిలో పంచాయతి ఎన్నికలు జరిగినపుడు మా సంఘస్థురాలైన ఒక సహోదరి వార్డు మెంబరుగా గెలిచెను. కూలిపని చేసికొను మనిషి. ఏడవ తరగతివరకు చదివెను. ఆ వేసవిలో మా పేటకు పదునొకండు దినములు కుళాయి నీళ్లు రాలేదు. పంచాయతి సమావేశములో ఆమె లేచి ఆ సంగతి చెప్పెను. ఎవరును తలయెత్తలేదు. రెండవసారి చెప్పుచుండగా, బాలింతలు సైతము అర్ధరాత్రి చేనుగట్ల వెంట బిందెలు మోసి తెచ్చుకొనుచున్నారను మాటయొద్ద ఆమెకు ఏడ్పు వచ్చెను. వెనుక నిలిచినవారిలో ఒకడు, “కళ్ళల్లో వస్తున్నాయిగా నీళ్ళు, బిందె పట్టండి!” అనెను. గది అంతయు నవ్వెను. ఆ మాట అన్నవాడు అన్యుడు కాడు, మన సంఘస్థుడే.

ఆమె పైటచెంగుతో ముఖము తుడుచుకొని, చేతిలోని కాగితము తీసి, నీళ్లురాని నలుబది మూడు ఇండ్ల యజమానుల పేర్లు వరుసగా చదివెను. చదివి కూర్చుండెను. ఆ మరుసటి వారము మోటారు బాగుచేయబడినది.

మంగళగిరి కన్నీటిని గూర్చి గుడి ఆవరణలో వాదము జరిగిన ఆదివారము సాయంకాలము స్త్రీల కూటములో ఆమె నన్నడిగెను: “అయ్యగారూ, ఆయన ఏడుపు నిజమా అబద్ధమా అని మగవాళ్ళంతా కొట్టుకుంటున్నారు. ఆడమనిషిని అంత మాట అనొచ్చా అని ఒక్కరన్నా అడిగారా? మా వీధిలో కుళాయికాడ తగువొస్తే ఈ రెండు పార్టీలవాళ్ళూ ఒకే మాట అంటారు, మా అమ్మనీ అక్కనీ కలిపి.” కూటములో ఎవరును మాటలాడలేదు. నేనును బైబిలు మూసి, ఆ సాయంకాలమునకు సిద్ధపరచుకొనిన ప్రసంగము మాని, ఆమె మాటను గూర్చియే ప్రార్థన పెట్టితిని.

బిందె పట్టుమన్న సహోదరుని పెద్దలు పిలిపించిరి. “సరదాకన్నాను, ఆవిడకి ప్రతిదానికీ ఏడుపే” అని అతడు చెప్పెను. బలిపీఠమునొద్ద అర్పణ విడిచి, ముందు సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు చెప్పిన సంగతి అతనికి చూపితిమి. అది సహోదరుని గూర్చి గదా యని అతడు వాదించెను! ప్రభు భోజనము ఇచ్చు ఆదివారములలో అతడు వెనుక బల్లమీద కూర్చుండును, ముందుకు రాడు. ఆమె మాత్రము ఆ సంగతి ఎన్నడును ఎత్తలేదు. అతని తల్లి మంచముపట్టినపుడు రెండు పూటలు గంజి కాచి పంపెనని పిమ్మట తెలిసినది. ఎవరు పంపినదియు ఆ యింట చెప్పవద్దని పిల్లవానితో చెప్పెనట.

ప్రతి నెలయు ప్రభు భోజనమునకు ముందు శనివారము నేను అతని ఇంటికి వెళ్లుచున్నాను. మొదట తలుపు తీసెడివాడు కాడు. తరువాత గుమ్మములో నిలిచి మాటలాడి పంపెడివాడు. పోయిన నెల కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చెను. పంటను గూర్చియు, పిల్లవాని చదువును గూర్చియు మాటలాడితిమి. లేచి వచ్చుచుండగా, “ఆమె ఇంకా కుళాయికాడికి తెల్లారగట్లే వస్తుందా అయ్యగారూ?” అని అడిగెను. వచ్చునని చెప్పితిని.